56 డిగ్రీల స్కోలియోసిస్, రిసర్ 4: ఫ్యూజన్ ఎల్1 దగ్గర ఆపాలా, ఎల్3 దాకా వెళ్లాలా, టెథర్ పనికొస్తుందా?

ఫిజియో_ఒంగోలు అడిగిన ప్రశ్న:

నమస్కారం. వ్యాయామాల కోసం నా దగ్గరికి పంపిన ఒక స్కోలియోసిస్ (వెన్ను పక్కకు వంగిపోవడం) కేసు గురించి అడుగుతున్నాను. ఆపరేషన్ కావాలని ముగ్గురు సర్జన్లూ చెప్పారు. ఏ ఆపరేషన్ అంటే మాత్రం ముగ్గురివీ మూడు దార్లు. ఇంట్లోవాళ్లకు ఏం చెప్పాలో తోచక ఇక్కడ పెడుతున్నాను.

అమ్మాయికి 13 ఏళ్ల 10 నెలలు, తొమ్మిదో తరగతి. రజస్వల అయి 20 నెలలైంది. రిసర్ 4, చేతి ఎక్స్-రేలో శాండర్స్ 7 (రెండూ ఎముక ఎదుగుదల ఎంతవరకు వచ్చిందో చెప్పే కొలతలు). నిలబెట్టి తీసిన ఫుల్ స్పైన్ ఎక్స్-రేలో కుడివైపు థొరాసిక్ (ఛాతీ) వంపు టి5 నుంచి టి12 దాకా 56 డిగ్రీలు (టి అంటే ఛాతీ వెన్నుపూసలు, ఎల్ అంటే నడుము వెన్నుపూసలు). నడుములో ఎడమవైపు 33. మెడ కింద పై వంపు 24. పక్కకు వంచి తీసిన ఫిల్ముల్లో ఇవి వరసగా 34, 11, 15కి దిగాయి. సైడ్ వ్యూలో టి5-టి12 కైఫోసిస్ (వీపు వెనక్కి ఉబ్బే వంపు) 14. త్రికాస్థి (నడుము కింది వెన్ను ఎముక) మధ్య నుంచి నిలువుగీత గీస్తే ఎల్1ను నడిమధ్యలో తాకుతోంది, నడుము వంపు అపెక్స్ (వంపు కొస) అయిన ఎల్3 దగ్గర పెడికల్ (వెన్నుపూస వెనక కాడ) మీదుగా పోతోంది. కుడి భుజం ఒకటిన్నర సెంటీమీటర్ల ఎత్తులో ఉంది. ముందుకు వంచితే స్కోలియోమీటర్ (వీపు ఉబ్బు వాలును కొలిచే పరికరం) 17 చూపిస్తోంది. నొప్పి పెద్దగా లేదు. కాళ్ల బలం, మోకాలి రిఫ్లెక్సులు మామూలే. ఎమ్మారై తీయలేదు. బరువు 36 కిలోలు, ఎత్తు 152 సెం.మీ., హిమోగ్లోబిన్ 10.4.

మొదటి సర్జన్ టి4 నుంచి ఎల్1 దాకా వెనక నుంచి స్క్రూలు, రాడ్లు వేసి వెన్నుపూసలు అతికించే ఫ్యూజన్ అన్నారు. రెండో ఆయన కింద వంపు కూడా 33 ఉంది కాబట్టి ఎల్3 దాకా వెళ్దామన్నారు. మూడో చోట పక్కటెముకల సందులోంచి తాడు వేసే టెథర్ చేస్తాం, ఎముకలు అతికించక్కర్లేదు అన్నారు. ఇంట్లోవాళ్ల మనసు సహజంగానే మూడోదాని మీద ఉంది, ఎందుకంటే పాప కూచిపూడి నేర్చుకుంటోంది. అసలు ఎంత తొందరగా చేయించాలి? ఆపరేషన్‌లో ఏం తప్పు జరగొచ్చు?

వెన్నుసర్జన్_హైద్ జవాబు:

మీరు రాసినట్టు అన్ని కొలతలూ ఇచ్చి ఎవరూ అడగరండి, సగం పని మీరే చేసేశారు.

ముందు తొందర సంగతి. ఇది ఎమర్జెన్సీ కాదు. కౌమారంలో వచ్చే ఈ రకం వంపు ఛాతీ దగ్గర 50 డిగ్రీలు దాటితే, ఎదుగుదల ఆగిపోయాక కూడా ఏడాదికి సుమారు ఒక డిగ్రీ చొప్పున పెరుగుతూ పోతుందని అమెరికాలోని అయోవాలో దశాబ్దాల పాటు ఫాలో అప్ చేసి చూశారు. అంటే 56 అన్నది నలభై ఏళ్ల వయసుకు 80 దాటొచ్చు, ఊపిరి ఆడకపోవడం లాంటి ఇబ్బందులు ఆ దరిదాపుల్లోనే కనిపిస్తాయి. ఆపరేషన్ చేసేది ఆ రోజు రాకుండా చూసుకోవడానికి. అలాగని వచ్చే వారమే బల్ల ఎక్కించాల్సిన పని లేదు. తొమ్మిదో తరగతి పరీక్షలు రాయించి ఏప్రిల్ ఆఖరులో చేస్తే, జూన్‌లో బడి తెరిచేసరికి ఆరు వారాలు దాటతాయి. అదే పదో తరగతి మధ్యలో పెట్టుకుంటే పిల్లకీ ఇంటికీ నరకం. ఈ మూడు నాలుగు నెలల్లో హిమోగ్లోబిన్, బరువు సరిచేసుకోవచ్చు.

బెల్టు ప్రశ్న వస్తుంది, అందుకే చెప్తున్నాను. బ్రేస్ పనిచేసేది 25 నుంచి 40 డిగ్రీల మధ్య, ఎముక ఇంకా ఎదుగుతున్నప్పుడు. రిసర్ 4లో, 56 దగ్గర బ్రేస్ వేస్తే చర్మం ఒరుసుకోవడం తప్ప ఒరిగేదేమీ లేదు. స్కోలియోసిస్ కోసమే ఉన్న ష్రాత్ వ్యాయామాలు చేయించండి, ఊపిరికీ కండరాలకీ మంచిది. 56ని 40 చేస్తాయని మాత్రం మాట ఇవ్వకండి.

ఇక ఎల్1, ఎల్3 గొడవ. వంపులను రకాలుగా విడదీసే లెంకె పద్ధతిలో పక్కకు వంచినా 25 కన్నా దిగని చిన్న వంపునే గట్టి వంపు కింద లెక్క. మీ కేసులో నడుము 11కి, పై వంపు 15కి దిగాయి. రెండూ మెత్తవే. నిలువుగీత అపెక్స్ పెడికల్‌ను తాకుతోంది, కైఫోసిస్ 10, 40 మధ్య ఉంది. కాబట్టి ఇది లెంకె 1బి, సైడ్ వ్యూ నార్మల్. ఈ రకంలో ఛాతీ వంపును సరిచేస్తే నడుము వంపు తనంతట తాను సర్దుకుంటుంది. త్రికాస్థి గీత ఎల్1ను నడిమధ్యలో తాకుతోందన్నారు, ఆగాల్సింది అక్కడే. టి4 నుంచి ఎల్1 అంటే పది వెన్నుపూసలు అతుక్కుంటాయి. ఛాతీ భాగం ఎటూ పెద్దగా వంగదు, పక్కటెముకల పంజరం వంగనివ్వదు. వంగేది నడుము. ఎల్1 దగ్గర ఆగితే దాని కింద నాలుగు వెన్నుపూసలు, ఐదు డిస్కులు స్వేచ్ఛగా మిగులుతాయి. ఎల్3 దాకా పోతే మూడు డిస్కులే మిగిలి, పైనుంచి వచ్చే కదలిక భారమంతా వాటి మీద పడుతుంది. కారణం లేకుండా ఆ రెండు డిస్కులు ఎందుకు వదులుకోవాలి? 33 అన్న అంకె చూసి భయపడటం కాదు, వంచితే ఎంత దిగుతుందో చూడాలి.

ఎమ్మారై తీయించండి. కుడి థొరాసిక్ వంపు, నొప్పి లేదు, కాళ్లు బాగున్నాయి కాబట్టి లోపల ఏమీ ఉండకపోవచ్చు. కానీ వంపును లాగి సరిచేయబోయే ముందు వెన్నుపాములో నీటితిత్తి గానీ, చిన్న మెదడు కిందికి జారిన కియారీ గానీ, తోక దగ్గర పాము అతుక్కుని ఉండటం గానీ లేవని తేల్చుకోవాలి. ఈలోగా మీరే ఒకటి చూడొచ్చు. పడుకోబెట్టి బొడ్డు చుట్టూ నాలుగు వైపులా మొద్దు పుల్లతో గీయండి. ఒకవైపు పొట్ట చర్మం కదిలి రెండోవైపు కదలకపోతే ఎమ్మారై మరుసటి రోజుకు కూడా ఆపకండి.

ఆపరేషన్ ఎలా జరుగుతుందో ఇంట్లోవాళ్లకు చెప్పడానికి: బోర్లా పడుకోబెట్టి, పొట్ట గాలిలో వేలాడేలా ఛాతీకి, తుంటికి దిండ్లు పెడతాం. పొట్ట నొక్కుకుంటే వెన్ను చుట్టూ ఉన్న రక్తనాళాలు ఉబ్బి రక్తం ఎక్కువ పోతుంది. మధ్యలో నిలువు కోత. కండరాలను ఎముక నుంచి వేరుచేసి, సీ-ఆర్మ్ ఎక్స్-రేతో లెవెల్ లెక్కపెడతాం. ఇక్కడ జరిగే తప్పు చాలా సాదాది: కొందరికి 11 జతల పక్కటెముకలే ఉంటాయి, కొందరికి 13. ఆఖరి పక్కటెముక చూసి అదే టి12 అనుకుంటే మొత్తం ఒక మెట్టు తప్పుతుంది. అందుకే ఫుల్ స్పైన్ ఫిల్ములో పైనుంచీ కిందనుంచీ రెండుసార్లు లెక్కపెట్టుకుని థియేటర్లో అదే ఫిల్ము ఎదురుగా పెట్టుకోవాలి.

తర్వాత ప్రతి లెవెల్లో ఫేసెట్ కీలు కింది కొన చెక్కేస్తాం. దాంతో వెన్ను వదులవుతుంది, అతుక్కోవడానికి దారి దొరుకుతుంది, చెక్కిన ఎముక అతుకు కోసం నింపే గ్రాఫ్ట్‌గానూ పనికొస్తుంది. పెడికల్ స్క్రూలు ఛాతీలో 4.5 నుంచి 5.5 మి.మీ. మందం, నడుములో 6 దాటి. కష్టం వంపు లోపలి వైపు అపెక్స్ దగ్గరే. అక్కడ పెడికల్ సన్నగా ఉంటుంది, వెన్నుపాము ఆ గోడకే ఆనుకుని ఉంటుంది. స్క్రూ లోపలికి తప్పితే పాము, బయటికి తప్పితే ఎడమ పక్కన బృహద్ధమని. పెడికల్ మరీ సన్నగా ఉంటే ఆ ఒక్క చోట స్క్రూ వదిలేయడం చేతగానితనం కాదు. ప్రతి ఎముకకీ రెండు స్క్రూలు ఉండి తీరాలన్న రూలేమీ లేదు, ఖర్చు కూడా అక్కడే పెరుగుతుంది.

రాడ్లు సాధారణంగా 5.5 మి.మీ., కోబాల్ట్ క్రోమ్ లేదా టైటానియం. లోపలి వైపు రాడ్‌ను కావాలనే కాస్త ఎక్కువ కైఫోసిస్‌తో వంచి వేస్తాం, ఎందుకంటే ఈ జబ్బులో వీపు సైడ్ నుంచి చూస్తే చదునైపోతుంది. మీ పాపకు 14 ఉంది, అది 20-25కి రావాలి. 1960ల నాటి హారింగ్టన్ రాడ్ కేవలం సాగదీసేది. వంపు తగ్గేది గానీ నడుము వరకూ వెళ్లినవాళ్లకు వీపు పలకలా చదునై, పెద్దయ్యాక ముందుకు వాలి నడిచేవాళ్లు. ఇప్పటి స్క్రూలతో తిప్పి సరిచేయగలం కాబట్టి ఆ బాధ తగ్గింది. వీపు మీద ఉబ్బు కూడా ఈ తిప్పడంతోనే చాలావరకు దిగుతుంది. దానికోసం పక్కటెముకలు కోయడం ఊపిరితిత్తులకు మంచిది కాదు, అడిగితే వద్దనే చెప్పండి.

డల్లాస్_ఆర్థో జవాబు:

టెథర్ గురించి నేను రాస్తాను, ఇక్కడ ఆ కేసులు నిత్యం చర్చకు వస్తాయి.

టెథర్ పనిచేసే సూత్రం ఒక్కటే: ఎదుగుదల. వంపు బయటి వైపు వెన్నుపూసల ఒంట్లోకి స్క్రూలు దించి, వాటి తలలకు పాలిమర్ తాడు బిగిస్తారు. తాడు ఉన్న వైపు ఎదుగుదల నెమ్మదిస్తుంది, రెండోవైపు మామూలుగా పెరుగుతుంది, ఏళ్ల మీద వెన్ను నిటారవుతుంది. ఎదిగే చెట్టుకు కర్ర కట్టినట్టు. చెట్టు ఎదగడం ఆగాక కర్ర కట్టి ప్రయోజనమేముంది? రిసర్ 4, శాండర్స్ 7, రజస్వల అయి 20 నెలలు. ఈ పాపకు ఎదుగుదల దాదాపు అయిపోయింది. తాడు బిగించిన రోజు ఎంత సరిచేస్తే అంతే, ఆ తర్వాత భారమంతా తాడు మీదే.

అమెరికాలో ఎఫ్‌డీఏ 2019 ఆగస్టులో దీనికి అనుమతి ఇచ్చింది. అదీ పరిమిత అనుమతే: ఎముకలు ఇంకా పరిపక్వం కాని, 30 నుంచి 65 డిగ్రీల వంపు ఉన్న, బ్రేస్ ఫలించని లేదా తట్టుకోలేని పిల్లలకు. డిగ్రీల్లో ఈమె ఆ లెక్కకు సరిపోతుంది, ఎదుగుదలలో సరిపోదు. మూడో సర్జన్‌ను అడగాల్సిన ప్రశ్న అదొక్కటే: "శాండర్స్ 7కి టెథర్ ఏ లెక్కన వేస్తున్నారు?"

తాడు తెగడం అరుదేమీ కాదు. తాడు ఎక్స్-రేలో కనపడదు. పక్కపక్క రెండు స్క్రూల మధ్య కోణం ముందు ఫిల్ము కన్నా 5 డిగ్రీలకు మించి పెరిగితే అక్కడ తెగిందని అనుమానిస్తాం. తెగిన ప్రతిదానికీ మళ్లీ ఆపరేషన్ అక్కర్లేదు, వంపు తిరిగి పెరిగితేనే. అయినా మొత్తం మీద రెండో ఆపరేషన్ అవసరం ఫ్యూజన్ కన్నా టెథర్‌లోనే బాగా ఎక్కువ. మరీ చిన్న పిల్లలకు వేస్తే దీనికి రివర్స్ ఇబ్బంది: వంపు రెండోవైపుకు తిరిగిపోతుంది, తాడు కోసేయాల్సి వస్తుంది.

"కీహోల్" అన్న మాట వినడానికి తేలిగ్గా ఉంటుంది. అందులో కుడి ఊపిరితిత్తిని తాత్కాలికంగా ముడిచేసి, ఛాతీలోంచి స్క్రూలు వేసి, తర్వాత ఛాతీ ట్యూబు పెడతారు. వీపు మీద గాటు లేదన్నది నిజం. లోపల చిన్న ఆపరేషన్ అన్నది నిజం కాదు.

శాండర్స్ 3 దగ్గర, 45 డిగ్రీల మెత్తని వంపుతో ఎవరైనా వస్తే నా జవాబు ఇంత కచ్చితంగా ఉండదు. అప్పుడు కూర్చుని మాట్లాడాల్సిందే.

మత్తుబల్ల జవాబు:

సర్జన్లు డిగ్రీలు చూస్తారు, మేము 36 కిలోలు, 10.4 హిమోగ్లోబిన్ చూస్తాం.

లెక్క వేద్దాం. కిలోకు 70 మి.లీ. చొప్పున ఈ పాప ఒంట్లో ఉన్న రక్తం సుమారు రెండున్నర లీటర్లు. ఈ ఆపరేషన్‌లో అర లీటరు నుంచి లీటరు దాకా పోవడం మామూలు. 800 మి.లీ. పోయిందనుకోండి, మూడో వంతు. హిమోగ్లోబిన్ 13తో మొదలుపెట్టిన పిల్ల దాన్ని ఎక్కించకుండానే తట్టుకోవచ్చు, 10.4తో మొదలుపెట్టిన పిల్ల తట్టుకోలేదు. ఇవాళే ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ) చూసి, నులిపురుగుల మాత్ర ఇచ్చి, ఐరన్ మొదలుపెట్టించండి. టీ, పాలతో వేసుకోవద్దని చెప్పండి, నిమ్మరసంతో వేసుకోమనండి. ఆరు నుంచి ఎనిమిది వారాల్లో 12 దాటాలి. మాత్రలతో కదలకపోతే సెలైన్‌లో ఐరన్ ఇస్తారు. థియేటర్లో రక్తస్రావం తగ్గించే ట్రానెక్సామిక్ యాసిడ్ కోతకు ముందే ఒక డోసు, తర్వాత డ్రిప్‌లో. సెల్ సేవర్ ఉన్న చోట పోయిన రక్తాన్నే కడిగి తిరిగి ఎక్కించొచ్చు.

రెండోది, వెన్నుపాము సిగ్నళ్లు. ఆస్పత్రి ఎంచుకునేటప్పుడు అడగాల్సిన మొదటి ప్రశ్న "న్యూరోమానిటరింగ్ ఉందా" అని కాదు, "మోటార్ సిగ్నళ్లు కూడా చూస్తారా" అని. చీలమండ దగ్గర నరాన్ని ప్రేరేపించి మెదడు దగ్గర చదివేది స్పర్శ దారి. మాడు మీద ప్రేరేపించి కాలి కండరాల్లో చదివేది కదలిక దారి. పాముకు ముందు వైపు రక్తం తగ్గితే కదలిక దారి ముందుగా దెబ్బతింటుంది, స్పర్శ సిగ్నల్ కాసేపు బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది. అందుకే రెండూ కావాలి. మోటార్ సిగ్నల్ సరిగ్గా రావాలంటే మత్తు వాయువుల మీద నడపకూడదు, ప్రోపోఫాల్ లాంటివి రక్తనాళంలో డ్రిప్‌గా ఇవ్వాలి, గొట్టం వేశాక కండరాలు సడలించే మందు మళ్లీ ఇవ్వకూడదు. మాడు మీద ప్రేరణ ఇచ్చినప్పుడల్లా దవడ బిగుసుకుంటుంది. రెండు దవడల మధ్య మెత్తని గుడ్డ చుట్ట సరిగ్గా పెట్టకపోతే నాలుక తెగుతుంది. వెన్ను అద్భుతంగా వచ్చి, నాలుకకు కుట్లు పడ్డాయంటే దానికి ఈ చిన్న చుట్టే కారణం.

సిగ్నల్ పడిపోతే ఏం చేస్తారు? అందరూ చేతులు ఆపేస్తారు. వైర్లు ఊడాయేమో చూస్తాం. సగటు బీపీని 85 పైకి ఎత్తుతాం, హిమోగ్లోబిన్, ఉష్ణోగ్రత, కార్బన్ డయాక్సైడ్ చూస్తాం. సర్జన్ చివర చేసిన పనిని వెనక్కి తీస్తారు: రాడ్ వదులు చేయడం, అనుమానం ఉన్న స్క్రూ తీసి చూడటం. అయినా తిరిగి రాకపోతే మత్తు తేలిక చేసి పాదాలు కదపమంటాం. అందుకే ముందు రోజు పిల్లకు ఈ మాట చెప్పి, చేయించి చూడాలి: "నిన్ను పేరుతో పిలిచి పాదాలు కదుపు అంటాను, నొప్పి ఉండదు, కదిపి మళ్లీ నిద్రపో." తెలుగులోనే పిలవాలి. సగం మత్తులో ఉన్న పిల్ల ఇంగ్లీషు ఆర్డర్ వినదు.

శాశ్వతంగా కాళ్లు దెబ్బతినే ప్రమాదం ఈ రకం వంపుల్లో ఒక శాతం లోపే. ఇంట్లోవాళ్లకు ఆ మాట దాచకుండా చెప్పాలి, అంకెతో సహా.

ఫిజియో_ఒంగోలు:

చాలా సంతోషం. ఎల్1 ఎందుకో, టెథర్ ఎందుకు కాదో ఇప్పుడు నేనే వాళ్లకు చెప్పగలను. ఎమ్మారైకి రాసిచ్చేవాళ్లతో మాట్లాడాను. పొట్ట రిఫ్లెక్స్ రెండువైపులా సమానంగానే ఉంది. ఇంకో రెండు సందేహాలు. ఆపరేషన్ తర్వాత రోజుల లెక్కన ఏం చేయించాలి, దేనికి భయపడాలి? వాళ్ల అమ్మ మెల్లిగా అడిగిన ప్రశ్న ఇంకొకటి: రేపు పెళ్లయ్యాక కాన్పుకు ఇబ్బంది ఉంటుందా?

వార్డుఫిజియో_వైజాగ్ జవాబు:

మేడమ్, మొదటి రోజే లేపాలి. మర్నాడు ఉదయం మంచం అంచున కూర్చోబెట్టి, సాయంత్రానికి నిలబెట్టి నాలుగు అడుగులు వేయించడం ఇప్పుడు మామూలు పద్ధతి. పక్కకు తిరిగేటప్పుడు భుజం, తుంటి ఒకేసారి దుంగలా దొర్లాలి. లేచేటప్పుడు ముందు పక్కకు తిరిగి, కాళ్లు మంచం దించుతూ చేత్తో ఒత్తి లేవాలి. ఈ ఒక్కటీ ఆపరేషన్‌కు ముందే మీరు పదిసార్లు చేయించేస్తే మాకు సగం పని తగ్గుతుంది. స్పైరోమీటర్ బంతులు లేచేలా గాలి లోపలికి పీల్చే అలవాటు కూడా ముందే చేయండి. రెండో రోజు మూత్రపు గొట్టం తీసేస్తారు, నాలుగైదు రోజులకు ఇంటికి. మొదటిసారి నిలబెట్టినప్పుడు కళ్లు తిరుగుతాయి, పక్కన ఇద్దరుండాలి. రెండు సెంటీమీటర్లు పైనే ఎత్తు పెరుగుతుంది కాబట్టి "నేల దూరంగా ఉంది" అంటారు పిల్లలు.

మొదటి వారం ప్రధాన శత్రువు మలబద్ధకం. నొప్పి మందుల వల్ల పేగు మందగిస్తుంది. విరేచనం మందు మొదటి రోజు నుంచే అడగండి. రెండో శత్రువు మీ పాపకు ప్రత్యేకంగా వర్తిస్తుంది. బీఎమ్‌ఐ లెక్కవేస్తే 15.6. సన్నటి పిల్లలకు వెన్ను ఒక్కసారిగా సాగాక, చిన్నపేగు మొదటి మెలిక రెండు పెద్ద రక్తనాళాల మధ్య నొక్కుకుపోతుంది. ఇంటికెళ్లాక, ఐదో రోజో పదో రోజో, అన్నం తిన్నాక ఆకుపచ్చగా వాంతులు మొదలవుతాయి. ఊళ్లో గ్యాస్ అని ఇంజెక్షన్లు చేసి పంపేస్తారు, అక్కడే పిల్ల ఎండిపోతుంది. ఆకుపచ్చ వాంతి రెండుసార్లు అయితే ఆపరేషన్ చేసిన చోటికే తీసుకెళ్లాలి. ముక్కులోంచి గొట్టం, సెలైన్, ఎడమ పక్కకో బోర్లాగానో పడుకోబెట్టడం, కొద్దికొద్దిగా తిండి, వీటితోనే చాలామందికి సర్దుకుంటుంది. ఇప్పటినుంచే గుడ్డు, పప్పు, వేరుశనగ, నెయ్యి పెంచి రెండు మూడు కిలోలు ఎక్కించమనండి. ఖర్చులేని జాగ్రత్త అది.

గాయం దగ్గర చెమట పట్టకూడదు, వేసవి కాబట్టి గాలి ఆడే గదిలో పడుకోబెట్టాలి. కుట్లు మానేదాకా స్నానం ఒళ్లు తుడవడంతోనే. పసుపు, ఆకు పసర్లు ఏవీ గాయం మీద పెట్టనివ్వకండి. జ్వరం, గాయం నుంచి చీము, కాలిలో కొత్తగా తిమ్మిరి, మూత్రం ఆగిపోవడం. ఈ నాలుగూ రాత్రైనా ఫోన్ చేయాల్సినవి.

ఆరు వారాలు కమోడ్ లేదా కమోడ్ కుర్చీ. ఆ తర్వాత కింద కూర్చునే దొడ్డి కూడా వాడొచ్చు, ఎందుకంటే అందులో మడిచేది తుంటి, మోకాళ్లే. మూడు నెలలు మూడు నాలుగు కిలోలకు మించి ఎత్తకూడదు, నడుం వంచి తిప్పకూడదు. బిందె మోయడం, ఊడ్చడం పూర్తిగా బంద్. పుస్తకాలు రెండు సెట్లు తీసుకుని ఒకటి బళ్లో పెట్టించండి. మన గుంతల రోడ్ల మీద బైక్ వెనక కూర్చోవడం మూడు నెలలు వద్దు, ఆటోలో కూడా వెనక సీటు అంచున కాదు, మధ్యలో. అడుగుల నడక మాత్రం రోజూ పెంచుకుంటూ పోవచ్చు.

కూచిపూడికి ఆరు నెలలకు పాద భేదాలు, చేతులు, ఏడాదికి పూర్తి అడుగులు అని లెక్క పెట్టుకోండి, ఎక్స్-రేలో ఎముక అతుక్కున్నట్టు కనిపిస్తేనే. అరమండి తుంటి నుంచి వచ్చేది, దానికి అడ్డు లేదు. నడుము పక్కకు వంచే భంగిమల్లో ఛాతీ భాగం ఒక పలకలా కదులుతుంది. గురువుగారికి ముందే చెప్పి ఉంచాలి. పళ్లెం మీద నిలబడి చేసే తరంగం గురించి సర్జన్‌ను అడగకుండా మొదలుపెట్టించకండి.

వెన్నుసర్జన్_హైద్:

కాన్పు సంగతి: అతుకు ఎల్1 దగ్గర ఆగితే మామూలు కాన్పుకు ఏ అడ్డూ లేదు. సిజేరియన్ పడితే మత్తు సూది ఎల్3-ఎల్4 సందులో వేస్తారు, ఆ చోటు ఖాళీగానే ఉంటుంది. ఎల్3 దాకా స్క్రూలు వేసి ఉంటే అదే సందు గ్రాఫ్ట్ ఎముకకు, మచ్చకు ఆనుకుని ఉండి సూది కష్టమయ్యేది. కాబట్టి ఆపరేషన్ నోట్సూ, చివరి ఎక్స్-రే కాపీ పదిలంగా దాచుకోమనండి. పదేళ్ల తర్వాత మత్తు డాక్టర్ మొదట అడిగేది అవే.

కడపనుంచి_సర్జన్:

పైవాటితో ఏకీభవిస్తూనే ఒక సవరణ. అందరూ కింద ఎక్కడ ఆపాలన్నదే మాట్లాడారు. ఇంటివాళ్లు తర్వాత ఎక్కువ బాధపడేది భుజాల గురించి. ఈ పాపకు కుడి భుజం ఎత్తు. ఛాతీ వంపు దిగేకొద్దీ కుడి భుజం దిగి, ఎడమది లేస్తుంది. కాబట్టి టి4 నుంచి మొదలుపెట్టడం సరే. భుజాలు ముందే సమానంగా ఉంటే టి3, ఎడమ భుజం ముందే ఎత్తుగా ఉంటే టి2 దాకా పోవాలి. లేకపోతే వీపు నిటారుగా వచ్చి, చీర కట్టినా చుడీదార్ వేసినా ఒక భుజం పైకి కనిపిస్తుంది. పై వంపు 24 ఉంది, 15కే దిగింది. నేనైతే టి3 కూడా బల్ల మీదే ఆలోచిస్తాను.

ఇంకోటి, ఛాతీ వంపును సున్నాకు తేవాలన్న ఉబలాటం వద్దు. నడుము 11కి దిగుతుందని ఫిల్ము చెప్పింది. ఛాతీని దానికి తగ్గట్టు 15-20 దగ్గర వదిలితే రెండూ బ్యాలెన్స్ అవుతాయి. పైనంతా కర్రలా సరిచేస్తే కింద సర్దుకోలేక ఒళ్లంతా ఎడమకు ఒరుగుతుంది, లేదా ఎల్1 కింద వంపు కొత్తగా పొడుగవుతుంది. దాన్నే యాడింగ్ ఆన్ అంటాం. రెండో ఆపరేషన్‌కు అదొక కారణం.

నెల్లూరు_నర్సింగ్:

మధ్యలో వస్తున్నాను. ఇదే వంపు ఆరేళ్ల పిల్లాడికి 60 డిగ్రీలు ఉంటే కూడా ఇలాగే అతికించేస్తారా?

వెన్నుసర్జన్_హైద్:

లేదండి, అది వేరే లోకం. పదేళ్ల లోపు ఛాతీని పొడవునా అతికించేస్తే ఊపిరితిత్తులకు చోటు ఉండదు. టి1 నుంచి టి12 దాకా ఎత్తు కనీసం 18 సెంటీమీటర్లు, వీలైతే 22 వచ్చేదాకా అతుకు వాయిదా వేస్తాం. పైనా కిందా మాత్రమే పట్టు వేసి మధ్యలో సాగే రాడ్లు వేస్తారు. పాత పద్ధతిలో ఆరు నెలలకోసారి కోసి సాగదీయాలి. అయస్కాంతంతో సాగే రాడ్లైతే ఓపీలోనే బయటి నుంచి మూడు నుంచి ఐదు మి.మీ. సాగదీస్తారు, కానీ ఖరీదు ఎక్కువ, లోపల లోహం అరిగి చుట్టూ కండ నల్లబడటం చూస్తున్నాం, తర్వాత ఎమ్మారై తీయడం తలనొప్పి. ఏ రాడ్ అయినా సాగదీసేకొద్దీ ప్రతిసారీ వచ్చే పొడవు తగ్గిపోతుంది. మూడేళ్ల లోపు పిల్లలైతే ముందు పిండికట్టుతో ప్రయత్నిస్తారు. పుట్టుకతోనే ఒక వెన్నుపూస సగమే ఏర్పడి వంపు వస్తే కథ ఇంకోటి. ఆ సగం ముక్కను చిన్న వయసులోనే తీసేసి పైదీ కిందదీ కలిపేస్తే చాలు, కానీ ముందు గుండె ఎకో, కిడ్నీ స్కాన్, వెన్ను ఎమ్మారై తప్పనిసరి. వివరాలకు వేరే థ్రెడ్ పెట్టండి.

ఫిజియో_ఒంగోలు:

చివరిగా ఒకటి. రాడ్లు ఎప్పుడైనా తీసేయాలా?

వెన్నుసర్జన్_హైద్:

తీయక్కర్లేదు. ఏడాది తిరిగేసరికి బరువు మోసేది ఎముకే, రాడ్ కాదు. తీయాల్సి వచ్చేది రెండు సందర్భాల్లో. ఏళ్ల తర్వాత వీపు మీద చిన్న రంధ్రం పడి రసి కారితే, అది చర్మం మీద ఉండే మొండి బ్యాక్టీరియా పని. ఆ కల్చర్‌ను మామూలుగా మూడు రోజులకు పారేయకుండా 14 రోజులు ఉంచమని ల్యాబ్‌కు రాసివ్వాలి, లేకపోతే ఏమీ పెరగలేదని రిపోర్టు వస్తుంది. అతుకు గట్టిగా ఉంటే మెటల్ తీసేస్తేనే మానుతుంది. రెండోది, ఏడాదో రెండేళ్లకో ఒకే చోట నొప్పి మొదలై, ఎక్స్-రేలో రాడ్ విరిగి కనిపించడం. రాడ్ విరిగిందంటే ఆ లెవెల్లో ఎముక అతుక్కోలేదని అర్థం. అక్కడ సీటీ తీసి చూసి, మళ్లీ గ్రాఫ్ట్ పెట్టి రాడ్ మార్చాలి. ఫాలో అప్ ఎక్స్-రేలు ఆరు వారాలు, ఆరు నెలలు, ఏడాది, రెండేళ్లకు తప్పించకుండా తీయించండి. ఎక్స్-రే నిలబెట్టే తీయమని చీటీ మీద రాయండి, పడుకోబెట్టి తీసిన ఫిల్ములో కోణం తక్కువగా కనిపించి మోసం చేస్తుంది.